పొయ్యి ఎక్కడుందో గీస్తే చాలు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర, గోదారి పాయల మధ్య ఉన్న లంక ఊరు. నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తారు. నేను విశాఖపట్నంలో డిజైన్ కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో ఉండగా ఫోన్‌లో వేలితో గీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు 8 జీబీ లాప్‌టాప్, స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్ ఉన్నాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థం, కాలువ గట్టు, కొబ్బరి తోట గీస్తే అందరూ బాగున్నాయంటారు. మా సార్ మాత్రం ‘అందంగా ఉంది, కథ లేదు, పోస్ట్‌కార్డు గీశావు’ అన్నారు. ఈ సెమిస్టర్‌లో మా ఊరి వరద మీద 12 ఫ్రేముల్లో, ఒక్క మాట కూడా రాయకుండా కథ చెప్పాలి. 6 వారాలు టైముంది. డ్రోన్‌లోంచి చూసినట్టు మునిగిన ఊరు, పడవలు, ఆకాశం గీద్దామనుకుంటున్నాను. క్లాసులో చాలామందికి ఐప్యాడ్ ఉంది. అప్పు చేసి కొననా? నాన్న ఏమీ అడగలేదు కానీ, ఈ చదువుతో ఏం పని దొరుకుతుందో ఆయనకి ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. మీరు చూస్తారని మూడు బొమ్మలు పంపుతున్నాను.

జవాబు:

తమ్ముడూ,

నీ బొమ్మలు మూడూ రెండు రోజులుగా తెరిచి తెరిచి చూస్తున్నాను. నీ చెయ్యి బాగుంది. కొబ్బరి మట్ట వంగిన చోట ఆకులు ఎటు వేలాడతాయో నువ్వు చెట్టు కింద నిలబడి చూసి గీశావు, ఇంకొకరి బొమ్మ చూసి గీయలేదు. ఆ తేడా చూడగానే తెలుస్తోంది. మీ సార్ అన్నదీ నిజమే. చెయ్యి బాగుండి కథ లేకపోవడం ఈ దారిలో నడిచిన చాలామందికి వచ్చిన కష్టమే. నాకైతే నాలుగేళ్లు పట్టింది అందులోంచి బయటపడడానికి. నీకు అంతకాలం పట్టకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఐప్యాడ్ సంగతి. కొనకు. అప్పు చేసి అసలే కొనకు. ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్ వాడితే చెయ్యి హాయిగా సాగుతుంది, నిజమే. కానీ నీ ముందున్న 12 ఫ్రేములకు అది చేసి పెట్టేదేమీ లేదు. కృత అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నీ లాప్‌టాప్‌లో నడుస్తుంది. బ్రష్షులు, లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), పై పొర కింది పొరతో ఎలా కలవాలో చెప్పే బ్లెండింగ్ మోడ్లు అన్నీ ఉన్నాయి. స్టోరీబోర్డు, అంటే కథను వరస ఫ్రేముల్లో వేసుకోవడానికి విడిగా ఒక ప్యానెల్ కూడా ఇచ్చారు. 12 ఫ్రేములనూ ఒకే ఫైల్‌లో పెట్టావంటే 8 జీబీ మెషీన్ మొరాయిస్తుంది. ఫ్రేముకో ఫైల్ పెట్టుకో. 300 డీపీఐలో ఏ4 అంటే 2480 × 3508 పిక్సెళ్లు, అంతకు మించి అక్కర్లేదు. పని అయిపోయిన లేయర్లను కలిపేస్తూ ఉండు.

స్క్రీన్ లేని టాబ్లెట్‌తో చిక్కు ఏమిటంటే చెయ్యి ఒక చోట, కన్ను ఒక చోట. మొదట్లో గీత నీ మాట వినదు. దీనికి మందు రోజూ పావుగంట ఉత్త గీతలు గీయడమే. రెండు చుక్కలు పెట్టి ఒక్క ఊపులో కలపాలి, తప్పితే మళ్లీ. ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. టాబ్లెట్ సెట్టింగుల్లో దాని గీసే చోటును నీ స్క్రీన్ కొలతల నిష్పత్తికి సరిచేశావా? చేయకపోతే చేత్తో గుండ్రంగా తిప్పినా తెర మీద కోడిగుడ్డులా పడుతుంది. తప్పంతా నీ చేతిదే అనుకుంటూ నెలలు గడిచిపోతాయి. నీ రెండో బొమ్మలో బండి చక్రం చూశాక ఆ అనుమానం వచ్చింది.

ఇక అసలు విషయం.

నీ ప్రభల తీర్థం బొమ్మ తీసుకో. భుజాల మీద మోసుకొచ్చే ఎత్తయిన ప్రభలన్నీ ఉన్నాయి, రంగు రంగుల నూలు కట్టు ఉంది, జనం ఉన్నారు, వెనక తోట ఉంది. దీన్ని మనం ఎక్కడి నుంచి చూస్తున్నాం? కొబ్బరి చెట్టంత ఎత్తు నుంచి, గాల్లోంచి. అక్కడ ఎవరూ లేరు. అంటే ఈ బొమ్మను ఎవరి కళ్లతోనూ చూడడం లేదు. అందుకే పోస్ట్‌కార్డు అయింది. కనుమ రోజు గంగలకుర్రు ఊరి ప్రభను కౌశిక వాగు దాటించేటప్పుడు నువ్వు ఎక్కడున్నావు? గట్టు మీద నాన్న భుజాల మీదా? పెద్దయ్యాక నువ్వే నడుం లోతు నీళ్లలో భుజం పట్టావా? భుజం పట్టినవాడికి ప్రభ కనిపించదు. ముందున్నవాడి తడిసిన వీపు కనిపిస్తుంది, భుజాన్ని కోస్తున్న కొయ్య కనిపిస్తుంది, పక్కవాడి నోరు కనిపిస్తుంది, ఎందుకంటే అందరూ అరుస్తుంటారు. ప్రభ మొత్తం నీళ్లలో నీడగా మాత్రమే ఉంటుంది. అదే తీర్థం, అదే వాగు, కన్ను మాత్రం ఒక మనిషి దగ్గరికి దిగింది. బొమ్మ గీసే ముందు ‘ఇది ఎవరి కన్ను, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది’ అని ఒక కాగితం మీద రాసుకో. క్షితిజ రేఖ ఎక్కడ పడాలో ఆ జవాబే చెబుతుంది.

వరద విషయంలోనూ ఇంతే. నీ ఉత్తరంలో రాసిన ఆలోచన, అంటే డ్రోన్‌లోంచి చూసినట్టు మునిగిన ఊరు, పడవలు, ఆకాశం, అది ప్రతి ఆగస్టులో టీవీలో చూసేదే. నువ్వు లంకలో పుట్టినవాడివి. గోదారొచ్చిందని మీ ఇంట్లో మొదట ఎవరికి తెలుస్తుంది, దేని వల్ల తెలుస్తుంది? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మీ ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కానీ ఇంట్లో ఆడవాళ్లు వరదను అడుగుల్లో కొలవరు. కాజ్‌వే మునిగిందా, గొడ్లను గట్టుకు తోలారా, పొయ్యి ఎక్కడికి ఎక్కింది, ఇలా కొలుస్తారు.

ఆ పొయ్యిని పట్టుకో. మాటలు లేవు కాబట్టి ఇది నీకు ఇంకా బాగా పనికొస్తుంది. మొదటి ఫ్రేములో పొయ్యి వంటింటి గట్టు మీద దాని చోట్లోనే ఉంది, టీ మరుగుతోంది, తలుపులోంచి దూరంగా ఏరు సన్నటి గీతలా కనిపిస్తోంది. ఇంకో ఫ్రేములో మీ అమ్మ ఖాళీ సిలిండర్‌ను స్తంభానికి తాడుతో కడుతోంది. సిలిండర్ నీళ్లలో తేలిపోతుందని మీకు తెలుసు, హైదరాబాదులో చదివేవాడికి తెలియకపోవచ్చు. తెలియకపోయినా ఫరవాలేదు, ‘ఎందుకు కడుతోంది’ అని అతను ఆగుతాడు, ఆ ఆగడమే నీకు కావాలి. తర్వాత ఎక్కడో పొయ్యి నులక మంచం మీద ఉంది, మంచం కోళ్ల కింద ఇటుకలు ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఫ్రేములో పొయ్యే లేదు. గట్టు మీద అది ఇన్నాళ్లూ ఉన్న చోట జిడ్డు అంటని నాలుగు పలకల మచ్చ మాత్రం ఉంది. రాత్రి డాబా మీద బరకం కింద పొయ్యి వెలుగుతోంది, చుట్టూ నాలుగు మొహాలు. ఇవి మచ్చుకి చెప్పాను, మిగతావి నీవి. చివరి ఫ్రేములో పొయ్యి మళ్లీ మొదటి చోటుకే వచ్చింది, టీ మరుగుతోంది. గోడ మీద బురద గీత పొయ్యి కంటే జానెడు పైన ఉంది.

ఇందులో నీళ్లు పెరగడాన్ని ఎక్కడా చూపలేదు చూడు. ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ నడుమ ఉన్న ఆ తెల్లటి సందులో నీళ్లు పెరిగాయి. పెంచింది చూసేవాడు. విజువల్ స్టోరీటెల్లింగ్ అని మీకు క్లాసులో చెప్పేదాంట్లో నా లెక్కన ముప్పాతిక వంతు ఈ సందులోనే ఉంది. ఏది గీయాలన్నది చాలామంది ఆలోచిస్తారు, ఏది సందులోకి తోసేయాలన్నది ఆలోచించరు. నీకు ఒక షరతు పెడుతున్నాను. 12 ఫ్రేముల్లో వరద నీళ్లు మూడింటిలోనే కనిపించాలి. మిగతా తొమ్మిదీ పొడిగా ఉన్నా వరదే కనిపించాలి. కష్టంగా ఉంటుంది, ఉండాలి.

థంబ్‌నెయిల్స్, అంటే ఫ్రేములకు ముందు వేసుకునే బుల్లి నమూనా బొమ్మలు, పెన్సిల్‌తో కాగితం మీదే వెయ్యి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత. ఒక్కో ఫ్రేముకు కనీసం ఆరు రకాలుగా, అంటే 72 అగ్గిపెట్టెలు. కంప్యూటర్ ముందు కూర్చుంటే జూమ్ చేసి కనురెప్పలు గీస్తూ కూర్చుంటావు. అగ్గిపెట్టెలో కనురెప్పలకు చోటు ఉండదు. బాపు గారు గోదారిలో మీ పక్క పాయ వాళ్లే, 1933లో నరసాపురంలో పుట్టారు, చదివింది లా. సినిమా తీసే ముందు షాట్లను బొమ్మలుగా గీసుకునేవారు. ఎన్ని గీతలు తీసేసినా మనిషి మిగులుతాడో ఆయన బొమ్మల్లో చూసి నేర్చుకో. అయితే ఆయన గీతను కాపీ కొట్టకు. తెలుగువాళ్లం చాలామందిమి ఆ గీత మోజులో పడి సొంత గీత పోగొట్టుకున్నాం, నేనూ కొన్నాళ్లు పోగొట్టుకున్నాను.

థంబ్‌నెయిల్స్ అయ్యాక కూడా రంగు జోలికి పోకు. ముందు మూడే మూడు టోన్లు: తెలుపు, నడిమి బూడిద, నలుపు. నీ కాలువ గట్టు బొమ్మను నేను రంగు తీసేసి చూశాను. అంతా ఒకే బూడిద ముద్ద. ఆకుపచ్చ చెట్టు, ఎర్ర చీర రంగులో ఉన్నప్పుడు వేరుగా కనిపించాయి, టోన్‌లో రెండూ ఒకటే. కృతలో అన్నిటి కంటే పైన ఒక లేయర్ పెట్టి నల్లగా నింపి, బ్లెండింగ్ మోడ్ ‘కలర్’కి మార్చు. కింద ఉన్నదంతా నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. గీస్తున్నంతసేపూ దాన్ని ఆన్ చేస్తూ ఆపుతూ చూసుకో. కళ్లు చికిలించి చూసినా ఇదే పని జరుగుతుంది, మన పాత చిత్రకారులు చేసింది అదే.

ఆకారం కూడా చూసుకోవాలి. తోలుబొమ్మలాట ఎప్పుడైనా చూశావా? కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఇంకా ఆ కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. దీపం వెనక ఉంటుంది, తెర ముందు జనం దూరంగా కూర్చుంటారు. ఆ దూరం నుంచి కూడా హనుమంతుడెవరో రావణుడెవరో అంచును బట్టి తెలియాలి. అందుకే మొహాలు పక్కకు తిరిగి ఉంటాయి, చేతులు ఒంటికి దూరంగా చాపి ఉంటాయి. నీ ఫ్రేములో మనుషులను నల్లరంగుతో నింపేసి చూడు. మీ అమ్మ తాడు కడుతోందని ఆ నల్ల ఆకారంలోనే తెలుస్తోందా? తెలియకపోతే చేతులు ఒంటి మీద పడిపోయాయన్నమాట. భంగిమ మార్చు. లోపల ఎంత గీసినా ఉపయోగం ఉండదు.

రంగుల గురించి ఒకటే చెబుతాను. కోనసీమ అనగానే చేతికొచ్చే ఆ చిలకాకుపచ్చను ఈ ప్రాజెక్టుకు దూరంగా పెట్టు. వరద రోజుల్లో మీ ఊరి రంగు అది కాదు. ఎర్రనీరు, తడిసిన గోడ, బరకం నీలం, మబ్బు బూడిద, పొయ్యి మంట. ఐదు రంగులు, అంతే. మంట పసుపును మరెక్కడా వాడకపోతే ప్రతి ఫ్రేములోనూ కన్ను తానే పొయ్యిని వెతుక్కుంటుంది. తెర మీద మెరిసిపోయే ఆకుపచ్చ ప్రింటులో ఎలాగూ నిలవదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద నాలుగు సిరాలతో తేవాలి. ప్రింటు ఇవ్వాల్సి ఉంటే ముందే ఆ నాలుగు సిరాల లెక్క అయిన సీఎంవైకేలో పెట్టి చూసుకో.

నా సంగతి ఒకటి చెప్పాలి. పిల్లల పుస్తకానికి నాకు వచ్చిన మొదటి పెద్ద పని ఊడ్పుల, అంటే వరి నాట్ల బొమ్మ. పాలకొల్లు దగ్గర పుట్టి పెరిగిన దాన్ని, చేలు నాకు తెలుసులే అనుకున్నాను. నెట్‌లో నాలుగు ఫొటోలు చూసి వారం రోజులు కష్టపడ్డాను. చీరల మడతలు, బురదలో నీడలు, అన్నీ బాగా వచ్చాయి. అచ్చయ్యాక పుస్తకం తీసుకెళ్లి మా అమ్మమ్మకు చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, ‘వీళ్లు ఊడ్చిన నారునే తొక్కుకుంటూ పోతున్నారేమే’ అంది. ఊడ్చేవాళ్లు వెనక్కి వెనక్కి అడుగు వేస్తారు. నేను ముందుకు నడిపించాను. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసిన పని. ఆ పుస్తకం ఇప్పటికీ పిల్లల చేతుల్లో ఉంది, ఆ తప్పుతోనే ఉంది. అప్పటి నుంచి ఏ పని గీసినా ఆ పని చేసేవాళ్లకు పెన్సిల్ దశలోనే చూపించకుండా ముందుకు వెళ్లలేదు.

ఏఐ బొమ్మల గురించి నువ్వు అడగలేదు కానీ మీ క్లాసులో ఆ మాట వస్తూనే ఉంటుందని తెలుసు. కొబ్బరి చెట్లు, కాలువ, సూర్యాస్తమయం కావాలంటే ఆ యంత్రం నిమిషంలో వంద ఇస్తుంది. మంచం కోళ్ల కింద ఎన్ని ఇటుకలు పెట్టారో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఇటుకలు లెక్కపెట్టినవాడివి నువ్వు. నీ సమయం అక్కడ పెట్టు.

మీ నాన్న సంగతి. ఆయన ఏమీ అడగలేదని రాశావు. అడగకపోయినా ఆ ప్రశ్న ఇంట్లో ఉంటుంది, నువ్వే చెబితే మంచిది. పిల్లల పుస్తకాలకు, పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు కావాలి. సినిమాలకు, యానిమేషన్‌కు, ప్రకటనలకు స్టోరీబోర్డులు గీసేవాళ్లు కావాలి. ఆరోగ్య కార్యకర్తలు ఊళ్లలో తిప్పి చూపించే ఫ్లిప్‌చార్టులు, యాప్‌లలో బొమ్మలు, సరుకుల ప్యాకెట్లు, వీటన్నిటి వెనకా ఎవరో ఒకరు గీసినవాళ్లు ఉన్నారు. మొదటి రెండు మూడేళ్లు డబ్బు నిలకడగా ఉండదు, ఆ మాట దాచకు. అందుకే చాలామంది ముందు ఏదైనా స్టూడియోలో ఉద్యోగంలో చేరి, పక్కన సొంత పని పెంచుకుంటారు. ఏ పనికైనా ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పుడు ఎంత ఇస్తారు అన్నది రాతలో తీసుకో, కొంత అడ్వాన్సు తీసుకో. పని చూపించమని ఎవరైనా అడిగితే నున్నగా పూర్తయిన 40 బొమ్మల కంటే ఇలాంటి ఒక్క 12 ఫ్రేముల కథ, దాంతో పాటు ఆ 72 అగ్గిపెట్టెలు చూపించు. నేను కొత్తవాళ్లకు పని ఇచ్చేటప్పుడు అగ్గిపెట్టెలే ముందు చూస్తాను.

ఇక ఈ వారం ఏం చేయాలంటే, శుక్రవారం రాత్రి బండెక్కి ఇంటికి వెళ్లు. రాజమహేంద్రవరంలో దిగుతావు కదా, వెంటనే రావులపాలెం బస్సు ఎక్కకు. చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ తెరిచే దాకా ఆగు. 1925లో ఆయన పోయేనాటికి 28 ఏళ్లు కూడా నిండలేదు, నీకంటే కొంచెం పెద్ద, అంతే. ఒక్క బొమ్మ ఎంచుకుని దాని ముందు అరగంట కూర్చుని, మూడు టోన్లలో అగ్గిపెట్టెంత నకలు తీసుకో. అన్నీ చూడాలని తిరగకు.

ఇంటికి వెళ్లాక మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు: 2022 జులైలో పొయ్యి ఏ రోజు ఎక్కడ ఉంది, ఏం వండింది, గ్యాస్ అయిపోయాక ఏం చేసింది. మీ నాయనమ్మో తాతయ్యో ఉంటే 1986 ఆగస్టు గురించి అడుగు. ఫోన్‌లో రికార్డు చేసుకో, కానీ చేతిలో స్కెచ్ పుస్తకం కూడా ఉండాలి. వాళ్లు చెబుతూ చేత్తో ‘ఇంత ఎత్తు’ అని గోడ మీద చూపిస్తారు, ఆ చేతిని గీయాలి. వంటింటి కొలతలు టేపుతో తీసుకో. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఎటు ఉంది, నీళ్లు ముందు ఏ వైపు నుంచి వచ్చాయి, ఇవన్నీ ఒక ప్లానులా వేసుకో. నీళ్లు ఏ ఫ్రేములో కనిపించినా ఒకే వైపు నుంచి రావాలి. వెళ్లేటప్పుడు మనుషులు కుడికి, తిరిగి వచ్చేటప్పుడు ఎడమకు నడిస్తే చూసేవాడు తికమకపడడు, మనం ఎడమ నుంచి కుడికి చదివేవాళ్లం కదా.

రెండో వారం చివరికి పెన్సిల్ థంబ్‌నెయిల్స్ 12 వరసగా ఒక అట్ట మీద అంటించు. మీ సార్‌కి చూపించే ముందు మీ నాన్నకు చూపించు. ఏమీ వివరించకు, మాటలు లేని కథ కదా. ఆయన వేలు పెట్టి ఒక్కో ఫ్రేము దాటుతుంటే ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో గుర్తు పెట్టుకో. ‘ఇది ఇలా ఉండదురా’ అని ఏదైనా అంటే అక్కడికక్కడే రబ్బరు తీసుకుని చెరిపి, ఆయన చెబుతుండగానే మళ్లీ గీయి. ఆ అట్ట ఫొటో తీసి నాకు పంపు. రంగులు వేయడం ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అక్క